గోటికి తగిలిన గుంట

కాగితం మిల్లులో పెద్దకోడలు ఫిట్టరు. పైవాళ్ళను బతిమాలి తోటికోడలిని అదే మిల్లులో చేర్పించిందీ ఆమే. తీరా మనిషి చెవికి అందని శబ్దాలను పట్టే అల్ట్రాసౌండ్ పరికరం వచ్చేసరికి, పైవాళ్ళు దాన్ని చిన్నకోడలి చేతిలో పెట్టారు. ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఏ యంత్రం చెడబోతోందో ముందే చెప్పేస్తోంది.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా చిన్నదానికి చెవులే వాడి!" అని ఇంట్లో అత్తగారు మురిసిపోతుంటే పెద్దకోడలికి అన్నం సయించేది కాదు.

ఒకరోజు చిన్నకోడలు కాగితం ఆరబెట్టే పెద్ద ఫ్యాను దగ్గర ఆగిపోయింది.

"లోపల బేరింగు పాడవుతోంది సార్. వదిలేస్తే ఎప్పుడో నడుస్తూ నడుస్తూ బిగుసుకుని ఆగిపోతుంది," అంది సూపర్‌వైజరుతో.

పెద్దకోడలు వచ్చి చెయ్యి ఆనించింది. వేడి లేదు, అదురు లేదు. "గుండ్రాయిలా ఉంది. ఊరికే విప్పడం ఎందుకు సార్?"

"విప్పితే పోయేదేముంది?" అన్నాడాయన.

ఫ్యాను ఆపారు. లోపలేమీ ఉండకూడదని మొక్కుకుంటూ పెద్దకోడలు బేరింగు ఊడదీసింది. తళతళలాడుతోంది. కడుపులో మంట చల్లారింది. గ్రీజు తుడిచి, అలవాటుకొద్దీ గాడి వెంట గోరు పోనిచ్చింది. ఒకచోట గోరు ఆగింది. ఆవగింజలో సగం ఉంటుంది గుంట.

"ఏమైనా ఉందా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏం లేదు సార్, అద్దంలా ఉంది," అనేసింది.

ఆయన చిన్నకోడలి వైపు తిరిగాడు. "ఉత్తపుణ్యానికి పని ఆపించావు కదమ్మా! సరే, అదే బిగించెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

పాత బేరింగు మళ్ళీ ఎక్కించడానికి పెద్దకోడలికి చేతులు రాలేదు. పెట్టెలోంచి కొత్తది తీసింది. చిన్నకోడలు వచ్చి పక్కన చతికిలబడింది.

"నీకు లేనిపోని చాకిరీ పెట్టానక్కా. ఈ మిషను తిరిగిచ్చేస్తాను. నా వల్ల కాదు."

ఇన్నాళ్ళూ పెద్దకోడలు వినాలనుకున్న మాట అదే. వింటే మాత్రం చేదుగా ఉంది. పాత బేరింగు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "గోరు పెట్టి చూడవే."

చిన్నకోడలు చూసింది. "మరి అద్దంలా ఉందన్నావు?"

"కుళ్ళుకుని అన్నాను. పో, ఆయనకు చూపించు."

చిన్నకోడలు బేరింగు పట్టుకుని లేచి వెళ్ళింది. సూపర్‌వైజరు గాజు గది తలుపు తెరిచే ఉంది. మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"గ్రీజు అడ్డమై ముందు కనపడలేదు సార్. తుడిచి చూసి అక్కే పట్టుకుంది."

మంచితనంలోనూ అదే ఒక మెట్టు పైనుందే అనుకుంది పెద్దకోడలు. మళ్ళీ కడుపు రగిలింది. పళ్ళు బిగబట్టి, కొత్త బేరింగు ఎక్కించింది.