ఆ గాజులు ఎవరికి

కొడకండ్ల వారపు అంగడిలో గాజుల బండి పెట్టుకునే భద్రమ్మకు సోమనర్సయ్య మీద మొదటినుంచీ అనుమానమే. మనిషి చూడబోతే పద్ధతిగానే ఉంటాడు. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసి రిటైరై, సొంతూరు పెద్దవంగరలో ఉంటున్నానని చెప్పాడు. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు, ఒక్కణ్ణే అన్నాడు. ఒక్కడే ఉండేవాడికి అంగడి అంగడికీ గాజులెందుకు?

అవీ ఎప్పుడూ ఒకే కొలత. సన్నని మణికట్టు ఉన్న ఆడమనిషికి సరిపోయేవి. ఎందరి చేతులకో గాజులు తొడిగిన భద్రమ్మకు ఆ చెయ్యి కళ్లముందు ఆడుతూనే ఉండేది.

"ఎవలికి ఇవి?" అని ఒకసారి అడిగేసింది.

"ఉన్నరులే, తొడుక్కునేటోళ్లు," అని నవ్వి మాట దాటేశాడు.

అయినా అతను వచ్చే వేళకు ఆమె చెయ్యి తనంతట తానే కొంగు సర్దేది. అరవైకి దగ్గరపడ్డాక ఇదేం బుద్ధని తనమీద తనకే కోపం వచ్చేది. మొగుడు పోయాక బండి, ఇల్లు తప్ప మరో ధ్యాస లేకుండా బతికిన మనిషి.

ఒక అంగడిరోజు గాలివాన కొట్టింది. బండిమీద పరదా ఎగిరిపోతుంటే సోమనర్సయ్య పరుగెత్తుకొచ్చి రెండో కొస పట్టుకుని ముడి వేశాడు. తడిసి ముద్దయి, అక్కడే నిలబడి అడిగాడు.

"భద్రమ్మా, ఉన్నన్ని దినాలు కలిసి బతుకుదమా? లగ్గం చేసుకుందమనే అడుగుతున్న."

"అచ్చే అంగడికి చెప్త," అంది, మొహం చూడకుండా.

పక్కన పూలమ్మే యమున అంతా విన్నది. "అక్కా, జర పైలం. గా గాజులు తొడుక్కునేది ఎవలో తెల్వకుంట ఊ అనకు."

మర్నాడు పొద్దున భద్రమ్మ ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి పెద్దవంగరలో దిగింది. అడుగుతూ పోతే ఇల్లు తేలిగ్గానే దొరికింది. వాకిట్లో తీగమీద అతని లుంగీ పక్కన ఎర్రంచు చీర ఆరుతోంది. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

'ఎంత మాయగాడు!' అనుకుంది. వెనక్కి తిరగబోయింది. కానీ ఇంతదూరం వచ్చి నోరు మూసుకుని పోవడం ఆమె వల్ల కాలేదు. తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

సోమనర్సయ్య కింద కూచుని, మంచంమీది ముసలామెకు జావ తాగిస్తున్నాడు. ఆమె ఎడమచెయ్యి చచ్చుబడి ఒళ్లో పడి ఉంది. కుడిచేతికి మోచేతిదాకా గాజులు. అన్నీ భద్రమ్మ అమ్మినవే.

అతను గిన్నె కింద పెట్టాడు. "మా అక్క, ఉప్పలమ్మ," అన్నాడు.

"ఒక్కన్నే ఉంట అంటివి గద?"

"పక్షవాతమొచ్చి మంచాన పడ్డది. చెప్తే, చాకిరికి పెండ్లాన్ని ఎతుకుతుండు అనుకుంటవని..."

"ఇప్పుడు గట్లనే అనుకుంటున్న."

ఉప్పలమ్మ గాజులు గలగలమనేలా చెయ్యి ఊపి, వంకరపోయిన నోటితో మెల్లగా మాట్లాడింది.

"ఓ పిల్లా, ఇటు కూసో. నా మొగడు సచ్చినప్పుడు నా గాజులు పలగ్గొట్టిన్రు. వీడే మల్ల కొనుక్కచ్చి తొడిగిండు. ఊరోళ్లు ఎన్ని అన్నా ఇన్లే. కని, ఇన్ని గాజులు నాకెందుకు? వీనికి అంగడికి పోనీకి సాకు గావాలె గద!"

సోమనర్సయ్య చెవులు ఎర్రబడ్డాయి. భద్రమ్మ తన బోసి చేతులను కొంగు కిందికి లాక్కుంది. లోపల ఏదో కరిగింది. కానీ అబద్ధం అబద్ధమే.

"ఇంకేం దాసినవ్?"

"ఏం లే. షుగరున్నది. గురక కొడ్త."

"నేను ఈడికి రాను. నా బండి ఇడిసిపెట్ట. నా ఇంటి పక్క అర్ర కిరాయికున్నది. అక్కను తీస్కొని నువ్వే రా. అక్క పని నువ్వే చెయ్యాలె. నేను సూస్త. గప్పుడు చెప్త."

"నేనైతే అస్త," అంది ఉప్పలమ్మ, తమ్ముడు నోరు తెరిచేలోపే.

వాళ్లు వచ్చారు. భద్రమ్మ గోడకివతలనుంచి చెవులు రిక్కించి వినేది. అక్కను లేపాడా, స్నానం చేయించాడా, విసుక్కున్నాడా? అతను విసుక్కోగా ఆమె వినలేదు.

చలికాలంలో ఒక ఉదయం పక్క గదిలో అలికిడి లేదు. వెళ్లి చూస్తే సోమనర్సయ్య జ్వరమంటూ ముసుగుతన్ని పడుకున్నాడు. భద్రమ్మ ఉప్పలమ్మ మొహం కడిగి, తల దువ్వింది.

"నువ్వు చెయ్యనంటివి గద," అన్నాడతను నీరసంగా.

"నీకోసం గాదు."

తర్వాత, నిజంగా జ్వరమేనా అని అతని నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. కాలిపోతోంది. ఆ చెయ్యి ఆమె వెంటనే తియ్యలేదు.

"జ్వరం తగ్గనియ్యి," అంది. "లగ్గం సంగతి మాట్లాడుదం."