తేలికైన రైఫిల్

ఎడమ భుజానికి ఆపరేషన్ అయిన నాటినుంచీ ఆర్డిస్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. ముప్పై ఏళ్లు అమెరికాలోని వయోమింగ్ పల్లెదారుల్లో ఉత్తరాలు పంచిన మనిషి. ఇంట్లో కూర్చోమంటే ఆమెకు శిక్షే. పైగా ఆ చేత్తో నాలుగు పౌన్లు మించి ఎత్తకూడదన్నాడు డాక్టరు. ఆమె పోటీల్లో కాల్చే చిన్నతూటాల ట్వంటీటూ రైఫిల్ తూగేది ఆరున్నర. దాని ముందు భాగాన్ని మోయాల్సింది ఎడమ చెయ్యే.

"ఈ ఏడు పోటీ మానెయ్యి," అన్నాడు భర్త ఓరిన్.

ఆమె మానలేదు. రైఫిల్ ఉక్కు గొట్టం విప్పేసి, కార్బన్ తొడుగున్న సన్న గొట్టం తెప్పించి బిగించింది. చెక్క పిడిని లోపల తొలిచింది. దుర్భిణి తీసేసి గురికి ఉత్త ఇనుప ముల్లు పెట్టుకుంది. రోజుకు నాలుగుసార్లు వంటింటి కాటాలో తూచి, మళ్లీ గ్యారేజీలోకి పోయేది. కూర మాడినా పట్టించుకునేది కాదు. ఆఖరికి కాటా మూడు ముప్పావు చూపింది.

ఏప్రిల్‌లో పోటీ జరిగిన శనివారం రైఫిల్ క్లబ్బు మైదానంలో గాలి ఈడ్చి కొడుతోంది. మూడు విడతలు; విడతకు యాభై గజాల దూరంలో పడగొట్టాల్సిన పది ఇనుప రేకులు. ఆర్డిస్ నిలబడి గురి చూసింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం కొస ఎగిరింది. మూడు రేకులు పడ్డాయి.

"అది రైఫిలా, గాలిపటమా?" అన్నాడు హాలిస్. ఆమెతో ఇరవై ఏళ్లుగా పోటీ పడుతున్న ముసలాయన. "బరువుంటేనే కదమ్మా, చెయ్యి కుదురుగా ఉండేది."

"నా చేతికి లేని కుదురు నీ నోటికైనా ఉండాల్సింది," అంది ఆర్డిస్.

"దెబ్బ తగిలినవాళ్లు కూర్చుని కాల్చొచ్చని రూలుందిగా. ఎందుకీ మొండితనం?" అంటూ ఓరిన్ ఒక బకెట్ బోర్లించాడు.

రెండో విడతకు పళ్లు బిగబట్టి దానిమీద కూర్చుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనాయి. తొమ్మిది పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో జాలి వినిపించి ఆమెకు ఒళ్లు మండింది.

మూడో విడతకు బకెట్‌ను కాలితో పక్కకు నెట్టి నిలబడింది. ఈసారి గాలి తగ్గేదాకా ఆగలేదు. గొట్టం ఊగుతుంటే ఊగనిచ్చి, కొస రేకు మీదికి వచ్చిన క్షణాన ట్రిగ్గర్ నొక్కింది. నాలుగు పడ్డాయి. మొత్తం మీద చివరినుంచి రెండో స్థానం.

"ఆ తొమ్మిదికన్నా ఈ నాలుగే నయం," అన్నాడు హాలిస్, ఆమె వంక చూడకుండా తన తూటాల పెట్టె సర్దుకుంటూ. ఉదయంనుంచీ బిగుసుకున్న ఆమె దవడ వదులైంది.

ట్రక్కులో ఇంటికి వస్తూ అంది: "గొట్టం కొసన పావు పౌను సీసం ముక్క బిగిస్తే సరిపోతుంది. అప్పటికీ నాలుగు పౌన్లే."

"కొసన పెడితే ఆ భారమంతా ఎడమ చేతిమీదే కదా. ముందు డాక్టర్ని అడుగు."

"ఆయన మళ్లీ నన్ను చూసేది జూన్‌లో కదా."

"అయితే జూన్ దాకా ఆగు."

ఆర్డిస్ కిటికీలోంచి చూస్తూ, కుడిచేతి వేళ్లతో మోకాలిమీద దరువు వేస్తోంది. ఇల్లు చేరి ఓరిన్ ట్రక్కు ఇంజను ఆపేసరికి, ఆమె అప్పటికే దిగి గ్యారేజీ తలుపు ఎత్తుతోంది. కుడిచేత్తోనే.