అతకని పోగులు

రాఘవులు నోటిదురుసు చీరాలంతా ఎరిగిందే. దాని దెబ్బ మాత్రం చివరికి అతనికే తగిలింది.

చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలో కంప్యూటరు మిషను నడిపే ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి స్నేహితుడు ఇలియాస్ వచ్చిన రోజున, అతని చేతిలో ఎప్పటిలాగే వేటపాలెం జీడిపప్పు పొట్లం ఉంది. "మంచిదిరా" అంటే సరిపోయేది. రాఘవులు కంప్యూటరు తెర మీంచి చూపు కూడా తిప్పలేదు.

"పోరా. నువ్వు లేకపోతే ఇక్కడ మగ్గాలు ఆగిపోతాయా?" అన్నాడు.

ఇలియాస్ పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇద్దరూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. రాఘవులుది మగ్గం ఇల్లు. అట్టలకి కొట్టిన చిల్లుల్ని బట్టి డిజైను నేసే జకార్డు మగ్గాలకి అంచులూ బుటాలూ గీసిపెట్టడం అతని బతుకుతెరువు. గళ్ళ కాయితం మీద పెన్సిలుతో చుక్క చుక్కా పెడుతూ కళ్ళు పోగొట్టుకుంటున్న రోజుల్లో, ఇలియాసే ఇంటర్నెట్‌లో ఓ బొమ్మలు గీసే ప్రోగ్రాము పట్టుకొచ్చాడు. ఎవరో ఊరూ పేరూ తెలియని మహానుభావులు రాసి, రాసిందంతా ఊరికే పంచిపెట్టారు. ఆదివారాలన్నీ దాని ముందే కూర్చుని, జీడిపప్పు నములుతూ, ఒకణ్ణొకడు తిట్టుకుంటూ, దాన్ని జకార్డుకి పనికొచ్చేలా మార్చుకున్నారు. రాఘవులు జీవితంలో అంతకంటే మంచి రోజులు లేవు. ఆ సంగతి అప్పుడు అతనికి తెలియదు.

స్నేహితుడు వెళ్ళిపోయాక రాఘవులుకి పౌరుషం పొడుచుకొచ్చింది. నేనొక్కణ్ణే చాలనిపించుకోవాలని, కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీ పెట్టి, కంప్యూటరు మొత్తాన్ని నడిపించే లినక్స్ కొత్తది ఎక్కించాడు. ఎవరికి చూపించడానికో మాత్రం ఆలోచించలేదు. మనిషి రాసిన ప్రోగ్రాముని మిషను భాషలోకి మార్చే కంపైలర్ ఒకటుంటుంది. కొత్త లినక్స్ వస్తూ వస్తూ పాత కంపైలర్‌ని గెంటేసి, కొత్తదాన్ని తెచ్చుకుని కూర్చుంది. ఆ తర్వాత బొమ్మల ప్రోగ్రాము తెరుచుకోనంది.

సరే, ప్రోగ్రాముని కొత్త కంపైలర్‌తోనే మళ్ళీ మిషను భాషలోకి కట్టుకుందామనుకున్నాడు. తెర నిండా ఎర్రర్లు. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోయాడు. చివరికి ఒక్కచోట బండి ఆగింది. గీతలు గీయడానికి ఆ ప్రోగ్రాము వాడుకునే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన పనుల మూట, ఒకటుంది. ఎప్పుడో ఇలియాస్ పాత కంపైలర్‌తో కట్టిపెట్టినది. దాన్ని మళ్ళీ కడదామంటే కొత్త కంపైలర్‌కి మింగుడుపడలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కలుపుదామంటే, అందులో ఉన్న పేర్లే దొరకడంలేదని మొండికేసింది. ఒకే పనికి పాత కంపైలర్ పెట్టే పేరు ఒకటి, కొత్తది పెట్టే పేరు ఇంకొకటి.

ఇక్కడే సాలె ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు చేశాడు రాఘవులు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరస, అయిపోవస్తే నేతగాడు దాన్ని పూర్తిగా తీసేయడు. పాత కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా అతుకుతాడు. వేల పోగులు, ఓపిక ఉండాలంతే. రాఘవులుకి చిన్నప్పట్నుంచీ వేళ్ళకి అంటిన విద్య అది. దొరకని పేర్లన్నింటినీ వరసపెట్టి, ఒక్కొక్క పాత పేరునీ ఒక్కొక్క కొత్త పేరుకి ముడేయడం మొదలుపెట్టాడు. కంప్యూటరు తెలిసినవాడెవడైనా చూస్తే తల పట్టుకునేవాడు. పైకి మాత్రం డిజైన్లు మళ్ళీ గళ్ళ కాయితం మీదే గీసిస్తూ, కంప్యూటరు పాడైన సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏందన్నా, ఇలియాసన్న రావట్లేదే?" అని అడిగాడు జకార్డు అట్టలకి చిల్లులు కొట్టే వీరబాబు.

"ఎందుకు రావాలి? వాడేమన్నా నా అల్లుడా?" అన్నాడు రాఘవులు. వీరబాబు నవ్వాడు. రాఘవులుకి నవ్వు రాలేదు.

మామిడికాయలు బజారులోకి వచ్చి, పోయాయి. ముడులన్నీ పడ్డాయి. ప్రోగ్రాము తెరుచుకుంది. మౌసు పట్టుకుని ఒక్క గీత గీశాడు. టక్కున మూతపడింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ గీశాడు, మళ్ళీ మూతపడింది.

విసుగొచ్చి లేచి వెళ్ళి మగ్గం దగ్గర కూర్చున్నాడు. పోగొకటి వేళ్ళ మధ్య తిప్పుతుంటే బుర్రలో వెలిగింది. కుడి పురి తిరిగిన నూలునీ ఎడమ పురి తిరిగిన నూలునీ ముడేసి నేస్తే, ముడి నిలుస్తుంది, గుడ్డ మాత్రం ముడతలు పడుతుంది. లోపం ముడిలో లేదు. లైబ్రరీ పురి వేరు, ప్రోగ్రాము పురి వేరు. రెంటినీ ఒకే చోట వడకాలి. అంటే గెంటేసిన పాత కంపైలర్‌నే బతిమాలి వెనక్కి తెచ్చుకోవాలి.

స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, పాత కంపైలర్ మూల ప్రోగ్రాము దింపించుకుని సీడీ కొట్టించుకొచ్చాడు. దాన్ని కట్టడానికి కూడా ఓ కంపైలర్ కావాలి కదా, కొత్తదానితోనే కట్టాడు. మనవడు తాతని కన్నట్టుంది యవ్వారం. పుట్టిన తాతకి విడిగా ఓ గది ఇచ్చి, మనవడి జోలికి పోకుండా కూర్చోబెట్టాడు. లైబ్రరీనీ ప్రోగ్రామునీ రెంటినీ తాత చేతే కట్టించాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రోగ్రాము తెరుచుకుంది. గీత గీశాడు, నిలిచింది. బుటా గీశాడు, నిలిచింది.

"ఒరేయ్, చూశావా!" అన్నాడు పక్కకి తిరిగి.

పక్కన ఇలియాస్ కూర్చునే స్టూలు మీద గళ్ళ కాయితాల కట్టలున్నాయి.

అప్పుడు తెలిసింది అతనికి. ఇన్నాళ్ళూ ఎర్రర్లతో కుస్తీ పడుతున్నా, లోపల ఓ మూల ధీమాగానే ఉన్నాడు. ఎటూ కుదరకపోతే ఇలియాస్‌కి ఫోను చేయక తప్పదు గదా అని. అది తన తప్పు కాదు, కంపైలర్ తప్పు అని. ఇప్పుడు ఆ వంక కూడా పోయింది. నువ్వు లేకపోయినా మగ్గాలు ఆగవన్న మాట నిజమై కూర్చుంది. ఇంతటి దిక్కుమాలిన గెలుపు పగవాడికి కూడా వద్దనిపించింది.

డిజైను ప్రింటు తీసి వీరబాబుకిచ్చాడు. వీరబాబు పక్క గదిలో అట్టలు కొట్టడం మొదలుపెట్టాడు. రాఘవులు కాసేపు తెరకేసి చూసి, ఫోను తీశాడు.

"హలో, ఎవరండీ?" అవతల రాయి కోసే రంపాల హోరు.

"నేనేరా."

"చెప్పు" అన్నాడు ఇలియాస్.

"ప్రోగ్రాము కట్టుబడట్లేదురా. కంపైలర్ మారింది. ఒకటే ఎర్రర్లు."

"ఏం ఎర్రరు? చదువు."

తెర మీద మామిడిపిందె బుటా తళతళలాడుతోంది. రాఘవులు కళ్ళు మూసుకుని, పేర్లు దొరకడంలేదంటూ వచ్చి కంఠతా అయిపోయిన పాత ఎర్రర్లు అప్పజెప్పాడు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు డ్రా లైన్. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు డ్రా బాక్స్..."

"వెనకాల ఆ టకటకలేందిరా?"

"వీరబాబు. అట్టలు కొడతన్నాడు."

"డిజైను లేకుండానే కొడతన్నాడా?"

రాఘవులు నోట మాట రాలేదు. ఆ నోటికి అలా జరగడం అదే మొదలు. ఫోను పెట్టేస్తాడేమోనని చెవికి గట్టిగా అదుముకున్నాడు. అవతల హోరు మెల్లగా తగ్గింది. ఇలియాస్ షెడ్డులోంచి నడుచుకుంటూ బయటికి వస్తున్నాడు. ఎక్కడో ఓ చోట కూలబడినట్టు ఊపిరి వదిలాడు.

"సరేగానీ, సరిగ్గా వినబళ్ళేదు" అన్నాడు. "మొదట్నుంచీ చదువు. మెల్లగా చదువు."

రాఘవులు ఒంటి చేత్తో ఇలియాస్ స్టూలు మీది కట్టలు దించి కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, మళ్ళీ మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టాడు.