వంపు అవతల ఎరుపు

పోయినేడు మార్చి తొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున మేం తిన్నది సౌభాగ్యమ్మ చేసిన మినపరొట్టె, నంజుకోడానికి అల్లప్పచ్చడి. పాసింజరు బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం వదలకముందే సగం డబ్బా ఖాళీ. రొట్టె అడుగు మాడకుండా ఎర్రగా కరకరలాడుతోంది. మూడేళ్ళుగా ఒక్కడినే వండుకుంటున్నవాణ్ణి, అలాంటి అడుగు విలువ నాకు తెలుసు.

రాజ్‌కిశోర్ నగర్‌లో మా వీధి వాళ్ళం ఓ పదిమందిమి. బేల్‌గహనాలో దిగి, అర్పా ఒడ్డు వెంట నడిచి మోదుగ పూలు చూసి రావాలని ప్రయాణం. ఈ ఆలోచన పక్కింటి సౌభాగ్యమ్మది. ఎందుకన్నది స్టేషన్లోనే నా చెవిన వేసింది.

"అన్నయ్యగారూ, మా ఆయనకి బుధవారం రెండో కంటి ఆపరేషనుకి డేటిచ్చారు. ఎల్లనంటన్నారు. పువ్వులు చూస్తేనైనా మనసు మారతాదేమోనని ఇదంతా పెట్టాను. మీకేటీ తెలీనట్టే ఉండండి."

ఆమె భర్త తిరుమలరావు గూడ్సు బండి డ్రైవరుగా రిటైరయ్యాడు. రెండు కళ్ళకీ శుక్లాలొస్తే జనవరిలో ఒకటి తీశారు. దానివల్ల ఒరిగిందేమీ లేదని ఆయన వాదన.

"డ్యూటీ అయిపోయినోడికి సిగ్నళ్ళేటి, లైట్లేటి మాస్టారూ? గోడ అప్పుడూ గోడే, ఇప్పుడూ గోడే. టీవీలో అబద్ధాలు చూడ్డానికి ఒక కన్ను చాలు."

అసలు సంగతి వేరు. బల్లమీద కదలకుండా పడుకున్న ఆ కాసేపూ మళ్ళీ భరించలేనని ఆయన భయం. ఒక్కసారే అన్నాడు నాతో, అదీ తల తిప్పుకుని.

రైల్వే వాళ్ళ నడక చూడాలి. తిరుమలరావు ముందు, ఇంజను. గార్డుగా చేసి రిటైరైన చిన్నారావు చివర. వాళ్ళావిడ పాత లంగాలు చింపి కుట్టించుకున్న జెండాలు, ఎర్రదొకటి పచ్చదొకటి, ఆయన చంకలో. ఆయన పచ్చ ఊపితేగాని బండి కదలదు. ఎర్రది ఎవరి కంటబడినా గట్టిగా చెప్పి ఆగిపోవాలి. పిక్నిక్కులన్నిటికీ ఇదే రూలు.

"బావా, పచ్చ ఊపి ఎంతసేపయింది? నీ ఇంజనుకి ఆయిలేటి, అల్లప్పచ్చడా?" అని చిన్నారావు వెనకనుంచి అరిచాడు.

"నీ బ్రేకులు వదలరా ముందు!"

మా మేడమీద అద్దెకుండే తేజస్వికి ఈ రూళ్ళు తెలీవు. బొగ్గు కంపెనీలో ఇంజనీరు, తండ్రిది బ్యాంకు ఉద్యోగం. "అంకుల్, మీ మాల్‌గాడీ వెనక నేను నడవలేను, సారీ" అని ఫోను పట్టుకుని ముందుకెళ్ళిపోయింది.

ఎండ ఇంకా ముదరలేదు. నదిలో నీరు సన్నటి పాయ, మిగతాదంతా ఇసుక. ఇసుక అంచున పేరు తెలియని పసుప్పచ్చ పూలు, చొక్కా బొత్తాలంత. రాలిన ఇప్పపూల తీపి వాసన గాలితో వచ్చి పోతోంది. ఫ్లాస్కుతో పాటు అలవాటుగా రెండు కప్పులు పెట్టుకొచ్చాను. రెండోది ఆ రోజు ఎవరికో ఒకరికి పనికొస్తూనే ఉంది.

నది వంపు తిరిగే చోట తిరుమలరావు ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తాడు.

"డేంజర్! ఆగండి! ఎదర ఎర్ర ఊపుతున్నారు!"

అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. చిన్నారావు వెనక్కి తిరిగి, వెనకొచ్చే బండిని ఆపుతున్నట్టు ఖాళీ ఇసుకకి ఎర్రజెండా చూపించాడు.

"ఎక్కడ బావా? నాకేటీ కనబడ్నేదు."

"ఆ రాళ్ళవతల! కనబడ్డం నేదేట్రా?"

నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. రాళ్ళు కనిపించాయి, అంతే. కాసేపటికి ఆ రాళ్ళ వెనకనుంచి తేజస్వి బయటికొచ్చింది. విరిగి పడిన మోదుగ పూలకొమ్మ ఒకటి తలపైకెత్తి ఇంకా ఊపుతూనే ఉంది.

"అరే, క్యా హువా? రమ్మని ఊపుతుంటే అందరూ రుక్ గయే!"

మా నవ్వులకి నీటి పక్కన కొంగలు లేచిపోయాయి. "ఎర్ర ఊపి రమ్మంటావా తల్లీ! నీకు చార్జిషీటే" అన్నాడు చిన్నారావు. సౌభాగ్యమ్మ ఒక్కతే నవ్వలేదు.

"అంత దూరంనుంచి ఎర్రగా కనబడిందేటండీ?" అంది మెల్లగా.

ఆయన అప్పటికే నడక మొదలెట్టాడు. వంపు తిరిగాం. అక్కడ ఒడ్డు పొడుగునా మోదుగలు, ఆకన్నది లేకుండా పూసి ఉన్నాయి. ఆయన మొదటి చెట్టు కింద నిలబడి అరచేత్తో ఒక కన్ను మూశాడు. తరవాత రెండోది. మళ్ళీ మొదటిది. చిన్నపిల్లాడిలా అలా ఎంతసేపో.

"ఈ కంటికి నిన్నటి టీ డికాషను" అన్నాడు చివరికి. "ఈ కంటికి... ఓలమ్మో, నిప్పు! మాస్టారూ, ఇన్నాళ్ళూ మీరందరూ ఇలాగే చూస్తన్నారా?"

ఒక పువ్వు రాలి ఆయన భుజం మీద పడింది. దులుపుకోలేదు.

"బుధవారం ఎన్నింటికి రమ్మన్నారే డాక్టరు?"

"పొద్దున్నే" అంది సౌభాగ్యమ్మ. రొట్టె డబ్బా తీసి, కరకరలాడే అడుగు ముక్క ఏరి ఆయన చేతిలో పెట్టింది.

"చెయ్యి పట్టుకుని కూచుంటానికి నిన్ను లోపలికి రానిస్తారేటో కనుక్కో" అన్నాడు ఆయన, నమలుతూ.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. భోజనం చేసి నా వరండాలో కూర్చున్నాను. పక్కింట్లో రోజూ తలుపులు వేసేది సౌభాగ్యమ్మే. నడిచిన అలుపుకి ఆమె ముందుగదిలో చాపమీదే నిద్రపోయింది. కిటికీలో స్టీలు గ్లాసు, అందులో తేజస్వి ఇచ్చిన కొమ్మ. తిరుమలరావు వచ్చి ఆ కొమ్మ ముందు నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు. తరవాత తలుపు రెక్క దగ్గరికి లాగి, ఆమె లేవకుండా, గడియ మెల్లగా జరిపాడు.