భీమమ్మ అడగలేని మనవి

దుప్పటి అంచును రెండు చేతులా బిగించి, మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఒక్క ఊపున లాగింది భీమమ్మ. పెంటయ్య ఎడమ పక్కకు దొర్లాడు. నాలుగేళ్లుగా పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని ఇదే. వీపు మీది పుండు చుట్టూ తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, దవాఖానలో ఇచ్చిన పొడి చల్లింది. ఆ పుండు రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు భీమమ్మ ఏడ్చింది. ఇప్పుడు అరచేయంత అయింది గానీ ఏడుపు రావడం లేదు. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి.

అది సామాన్యమైన వీపు కాదు. వనపర్తి మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు పల్లికాయ బస్తాలు మోసిన వీపు. లారీకి ఆనించిన చెక్క బరువుకు ఊగుతుంటే, ఆ ఊపుకు తగ్గట్టు అడుగు వేస్తూ ఎక్కేవాడు పెంటయ్య. ఎక్కుతూ ఎక్కుతూనే కింద ఉన్నవాళ్ల మీద ఒక చురక వేసేవాడు. ఒక చలికాలం పొద్దున ఆ చెక్క మీదే కూలబడ్డాడు. కాలు జారిందనుకున్నారంతా. కుడి పక్క మొత్తం ఒక్కసారే చచ్చుబడిపోయిందని దవాఖానకు పోయాక తెలిసింది. అప్పటి నుంచి మంచమే లోకం. మాట కూడా ముద్దయిపోయి భీమమ్మకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా పోయింది. పిల్లల్లేని ఇల్లు కాబట్టి ఆ మాట వినాల్సింది కూడా ఆమె ఒక్కతే.

జావ గ్లాసులో చెంచా ముంచుతుండగా పెంటయ్య అడిగాడు.

"అడిగినవా?"

"ముందు ఇది తాగు."

"అడగలే."

"అడుగుత. నాకు పనికి పొద్దువోతుంది."

పెంటయ్య సగం నోటితో నవ్వాడు. "అబద్ధం గూడ సక్కగ చెప్పరాదు నీకు."

ఇది ఆరు రోజుల సంగతి. పోయిన శనివారం ఇట్లాగే జావ తాగిస్తుంటే, మింగింది మింగకుండా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నీ దేవునికి చెప్పే. ఇంగ సాలు, తీస్కపొమ్మని చెప్పు" అన్నాడు. భీమమ్మ గ్లాసు కింద పెట్టి, అట్లాంటి మాట అనకూడదని కోప్పడింది. అంతగా కావాలంటే నువ్వే అడుక్కో పొమ్మంది.

"నేనడిగితే ఆయనకు అర్థం గాదే. నాకు మాట సక్కగ రాదు గద."

తన మాటకు తనే నవ్వాడు. నవ్వుతుండగానే ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. కుడి కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం భీమమ్మ ఎప్పుడో మానేసింది. ఎడమ కన్ను మాత్రం అబద్ధం చెప్పదు.

భీమమ్మ చర్చిలో చేరి పన్నెండేళ్లయింది. బాప్తిస్మం రోజున మార్తమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు చర్చి రిజిస్టరులో ఉండిపోయింది, ఊళ్లోకి రాలేదు. ప్రార్థన అంటే ఏమిటో ఆమె అప్పటి పాస్టరు అయ్యగారి నోటి వెంట విని నేర్చుకుంది. "కృపామయుడవైన తండ్రీ, నీ పాదముల చెంతకు వచ్చుచున్నాము" అని మొదలుపెడితే చాలు, మిగతాది ధారగా వస్తుంది. అయితే ఆ భాషలో ఆమె దేవుడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. పాలమూరు మాట పరలోకంలో చెల్లదని ఎవరో చెప్పినట్టే, కొంగు తలమీదికి లాక్కోగానే గొంతు మారిపోతుంది. ఇంటికి పెద్దాఫీసరు వస్తే పీట వేసి ఎంత దూరంలో నిలబడతామో, పన్నెండేళ్లుగా ఆమె దేవుడికి అంత దూరంలోనే నిలబడి ఉంది.

ఆ దూరం ఆమెను ఎప్పుడూ బాధించలేదు, ఈ ఆరు రోజుల వరకు.

దానికి తోడు నలభై రోజుల ఉపవాస ప్రార్థన ఒకటి. ఇప్పుడున్న డేవిడ్ అయ్యగారు చిన్నవాడు, ముప్పై దాటలేదు, మనసు వెన్న. పెంటయ్య లేచి నడవాలని చర్చి వాళ్లందరినీ కూడగట్టాడు. రోజుకొక ఇంటివాళ్లు పస్తుండి ప్రార్థన చేస్తున్నారు. కూలికి పోతేగానీ పొయ్యి వెలగని ఆడవాళ్లు తన మొగుడి కోసం కడుపు మాడ్చుకుంటున్నారంటే భీమమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది. "అడగందే అమ్మయినా పెట్టదు, మనం అడుగుదాం" అన్నాడు అయ్యగారు మొదటి రోజున. "కానీ అందరిదీ ఒకే మనసై ఉండాలి. ఒక్కరి మనసు అటూ ఇటూ అయినా ఆ ప్రార్థన పైకి పోదు" అని కూడా అన్నాడు.

ఇవాళ నలభయ్యో రోజు. సాయంత్రం అందరూ ఇక్కడికే వస్తారు. ఊరంతా లేపమని అడుగుతుంటే, లేవాల్సిన మనిషి తీసుకుపొమ్మంటున్నాడు. ఈ రెంటి మధ్య కక్కలేక మింగలేక ఉన్నది తనొక్కతే. పెంటయ్య చెప్పినట్టు అడిగితే, ఆయన ప్రాణం తన నోటి మాటతో పోయినట్టవుతుంది. అడగకపోతే, ఇన్నేళ్లలో ఆయన కన్నీళ్లతో కోరిన ఒకే ఒక్క కోరిక తీర్చనట్టవుతుంది.

మూతి తుడిచి, గ్లాసు కడిగి బోర్లించింది. పక్కింటి జోగులమ్మకు ఒకసారి చూస్తుండమని చెప్పి యార్డుకు బయలుదేరింది.

యార్డులో అప్పటికే రాశులు పోసేశారు. గోపాల్‌పేట వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు గేటు దగ్గర వరసగా ఆగి ఉన్నాయి. ఎర్రమట్టి దుమ్ము, పచ్చి పల్లికాయ వాసన కలిసి గొంతులోకి దిగుతున్నాయి. కాంటా మీద తూకం అయిన రాశి కింద నేల ఊడవడం, ఆ ఊడ్పును చాటకెత్తి చెరిగి మట్టి ఒక పక్కకు, కాయ ఒక పక్కకు చేయడం భీమమ్మ పని. వంగి ఊడవడం మొదలుపెడితే మళ్లీ నడుము ఎత్తేసరికి కళ్లు తిరుగుతాయి. ముక్కుకు కట్టుకున్న కొంగు మీద ఊపిరి తగిలిన మేర ఎర్రటి మరక కడుతుంది.

కాంటా దగ్గర మల్లయ్య కనపడ్డాడు. పెంటయ్యతో కలిసి బస్తాలు మోసినవాడు. మోకాళ్లు పోయాక కాంటా పనికి మారాడు.

"మా పెంటన్న ఎట్లున్నడు వదినా?"

"గట్లనే ఉన్నడు."

నాలుగేళ్లుగా ఆ ప్రశ్నా అదే, ఈ జవాబూ అదే. మల్లయ్య దోసెడు మంచి కాయ తీసి ఆమె చాటలో పోశాడు. "పెనం మీద ఏంచి పెట్టు. నమలరాకపోతే వాసనన్న సూస్తడు" అన్నాడు. భీమమ్మ తల ఊపింది.

చాట చెరుగుతూ మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు బయటికి రావడం లేదు. కృపామయుడవైన తండ్రీ, నీ దాసుడైన పెంటయ్యను నీ బలమైన హస్తముతో... ఆ తర్వాత ఒక మాట రావాలి. లేవనెత్తుము అనాలా, చేర్చుకొనుము అనాలా? నాలుక అక్కడే ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. అట్లా ఎన్ని చాటలు చెరిగిందో ఆమెకే తెలియదు. లేవనెత్తుమని అనలేకపోవడానికి కారణం ఏమిటా అని ఆలోచిస్తే చేతిలో చాట ఆగిపోయింది. ఆయన లేస్తాడన్న నమ్మకం తనకు ఎప్పుడో పోయింది. ఆరు రోజుల కిందట కాదు, రెండేళ్ల కిందటే పోయింది. అయినా రోజూ కొంగు కప్పుకుని, మోకాళ్లూని, లేపు లేపు అని దేవుడి ముందు నమ్మని మాటే అప్పజెబుతూ వచ్చింది. భీమమ్మకు సిగ్గేసింది.

పన్నెండున్నరకు అందరూ అన్నాలకు లేచారు. భీమమ్మ డబ్బా పట్టుకుని షెడ్డు వెనక్కి పోయింది. అక్కడ ఖాళీ గోనెసంచుల దొంతరలు తప్ప మనుషులుండరు. సంచుల మీద కూలబడి కాళ్లు చాపింది. కొంగు తల మీదికి లాక్కోలేదు. కళ్లు మూయలేదు. ఎదురుగా ప్రహరీగోడ, గోడ మీద ఎండ.

"ఇగో సూడయ్యా" అంది పైకే. "నాకు ఆ పెద్ద పెద్ద మాటలు సాతనైతలేవు. నాలుగేండ్ల సంది నీకొక్కటే మాట చెప్తున్న, అండ్ల సగం అబద్ధమే. నీకెర్కనే గద, మరి ఎందుకు ఊకున్నవో నాకు తెల్వదు. ఆయన సాలంటుండు. నాక్కూడ సాలయింది. ఎత్తి ఎత్తి నా రెక్కలు పోయినయి. తీస్కపో. పాపమైతే నా మీద రాస్కో, ఆయన మీద వద్దు."

అనేసింది. గోడ మీద ఎండ అట్లాగే ఉంది. కానీ లేవబుద్ధి కాలేదు. పక్కన ఎవరో కూర్చుని, మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా విన్నట్టనిపించింది. ఈ నాలుగేళ్లలో ఆమె చెప్పింది చివరిదాకా విన్నవాళ్లు లేరు. చాలాసేపటికి ఆకలి తెలిసింది. డబ్బా మూత తీసి నాలుగు ముద్దలు తిన్నదో లేదో, షెడ్డు మూల మీద జోగులమ్మ కొడుకు మల్లేశ్ కనపడ్డాడు. ఆటో నడుపుతాడు. యార్డంతా వెతికినట్టున్నాడు, చెమటలు కారుతున్నాయి.

"అత్తా, దా. ఇంటికి పోదం."

డబ్బా మూసి ఆమె ఆటో ఎక్కింది. దారి పొడవునా ఆటో గుంతల్లో పడి లేస్తుంటే, కడ్డీ పట్టుకుని తనలో తనే అనుకుంది. నా మాటకే పోయిండు. నా నోట్లకెల్లి ఎల్లిందో లేదో, పోయిండు. ఇంతకాలం ఒక్క మాట వినని దేవుడు ఆ ఒక్క మాటకు అంత తొందర ఎందుకు పడ్డాడు? ఒక్క అర్ధగంట ఓపిక పట్టి ఉంటే ఏం పోయింది నాకు?

గడపలో జోగులమ్మ కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. భీమమ్మ లోపలికి పోలేదు. జోగులమ్మ భుజాలు పట్టుకుంది.

"ఎప్పుడు?"

"జర కూసో వదినా..."

"ఎప్పుడు పోయిండు, చెప్పు!"

"పది గూడ కాలే. నీళ్లు పట్టుకుంటుంటి, నల్లా ఇంక బందు గాలే. సూసి పోదమని వస్తే, నిద్రవోయినట్లే ఉన్నడు. నీ ఫోనుకు కొడితే ఇంట్లనే మోగె. మల్లేశు కిరాయికి పోయిండు, వాడొచ్చేదాంక ఎట్ల చెప్పాల్నో తెల్వకపాయె."

"నల్లా బందు గాలేదా? నిజంగనా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు వదినా. ఎందుకట్ల అడుగుతవు?"

ఆ కాలనీలో పొద్దుటి నల్లా పదికి ఆగిపోతుంది. దాన్ని చూసే అందరూ టైము చెప్పుకుంటారు. భీమమ్మ గడపలోనే చతికిలబడింది. తను గోనెసంచుల మీద కూర్చుని అడిగేటప్పటికి ఆయన పోయి రెండున్నర గంటలైంది. చాట చెరుగుతూ ఏ మాట అనాలా అని కొట్టుకుంటున్నప్పుడే ఆయన వెళ్లిపోయాడు. గుండె మీది రాయి దిగిపోయింది. దిగిన చోట కోపం వచ్చింది.

మరి నాతోని ఎందుకు అనిపిస్తివి, అని మనసులో నిలదీసింది. నేను అడగకముందే ఇచ్చెటోనివి, ఆరు దినాలు నన్నెందుకు ఏడిపిస్తివి? నీకు నా నోటి మాట ఏం అక్కరొచ్చె?

దేవుడి మీద ఆమెకు కోపం రావడం అదే మొదలు. దగ్గరివాళ్ల మీద తప్ప అట్లాంటి కోపం రాదని తెలిసి కాసేపటికి ఆమె ఏడ్చింది. అలిసిపోయిన మనిషి ఏడుపు అది. చప్పుడు లేదు, ఆగలేదు.

నలభయ్యో రోజు ప్రార్థనకు వచ్చినవాళ్లు శవం చుట్టూ కూర్చోవలసి వచ్చింది. డేవిడ్ అయ్యగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. భీమమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నన్ను క్షమించమ్మా. నా విశ్వాసమే సరిపోలేదేమో" అన్నాడు.

"గట్లనకు అయ్యగారూ. పైనున్నాయనకు వినబడ్డది" అంది భీమమ్మ. అంతకంటే వివరంగా చెప్పాలని ఆమెకు అనిపించలేదు. జోగులమ్మను పిలిచి, అయ్యగారికి గ్లాసెడు నీళ్లిప్పించింది.

అతను నీళ్లు తాగి ప్రార్థన మొదలుపెట్టబోయాడు. రెండు మాటల తర్వాత ఆగిపోయి, "మీరే చేయండమ్మా" అన్నాడు. అందరూ తలలు వంచారు. భీమమ్మ పెంటయ్య ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అయ్యా, మా ఆయన నీ దగ్గరికొచ్చిండు. మాట జర ముద్దగొస్తది, ఓపికతోని విను. పరాచికాలాడుతడు, ఏమనుకోకు. నేను రేపు మల్ల మాట్లాడుత."

ఆమేన్ అనాలని ఎవరికీ వెంటనే గుర్తు రాలేదు.

మరునాడు పొద్దున మోకాళ్ల నొప్పితోనే మల్లయ్య, ఇంకా ముగ్గురు హమాలీలు పెట్టెను భుజాలకెత్తుకున్నారు. బరువే లేడన్నాడు మల్లయ్య. మట్టి వేసి వచ్చాక ఆడవాళ్లు ఇల్లు కడిగి, మంచాన్ని వాకిట్లో నిలబెట్టి నీళ్లు పోశారు. అందరూ వెళ్లిపోయాక భీమమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. రేకుల కింది ఇనుప పైపు నుంచి, మెలిపెట్టిన పాత చీర ఒకటి మంచం తీసేసిన ఖాళీ నేల మీదికి వేలాడుతోంది. ఎడమ చేత్తో పట్టుకుని జానెడు పైకి లేవడానికి పెంటయ్య అడిగి కట్టించుకున్నది అది. దాని కొసన ఉన్న ముడి, ఆయన పిడికిలి పట్టినంత మేర, నల్లగా నున్నగా మెరుస్తోంది.