మందుగది తాళంచెవి

చేతికి కట్టుతో ఉన్న మా వదినను కోళ్ళఫారం యజమాని గేటు బయటికి గెంటించాడు. ఆమె పుండు కోళ్ళకు అంటుకుంటుందట. ఆ కోళ్ళకేమో ఫ్యాన్లు, నీళ్ళ తుంపర, తుమ్మకముందే మందు. వాటి వైభోగం చూస్తే మాకు ఒళ్ళు మండేది.

అసలు మా కుళ్ళు వదిన మీదే మొదలైంది. మేమంతా ఎండలో రెట్ట ఎత్తుతుంటే ఆమె నీడపట్టున కూర్చుని కోళ్ళ నీళ్ళలో మందుపొడి కలిపేది. రాణిగారు అంటూ వెనక మూతి తిప్పేవాళ్ళం. జ్వరమొస్తే మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళి చిటికెడు పొడి అడుక్కునేవాళ్ళం. కోడికి పనిచేసేది మనిషికి చెయ్యదా అనుకున్నాం. పక్కదానికి రెండు చిటికెలు ఇస్తే అదో గొడవ.

ఒకరోజు డబ్బా రేకు గీసుకుని వదిన వేలు తెగింది. ఆ పొడికీ తగ్గలేదు, ఆసుపత్రి మాత్రలకూ తగ్గలేదు. మోచేతి దాకా వాచింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. త్వరగా బరువెక్కాలని జబ్బు లేని కోళ్ళకు రోజూ కాస్త కాస్త మందు పట్టిస్తే, షెడ్డులోని క్రిములు దానికి అలవాటు పడి, ఇప్పుడు ఆసుపత్రి మాత్రలకూ చావడం లేదట. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకపోతే చెయ్యి తీసెయ్యాల్సిందేనట.

వదినకు యజమానే వైద్యం చేయించాలి, జబ్బు లేని కోళ్ళకు మందు ఆపాలి అని పనివాళ్ళమంతా మీటింగు పెట్టుకుని తీర్మానించాం. అప్పటిదాకా ఎవరూ మందు కలపకూడదు. అన్నామే గానీ, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదిన చోటు ఖాళీగా ఉంది మరి.

"నువ్వు పోవని నమ్మకమేంటే?" అని నన్నే అడిగింది, మాలో పెద్దదని అందరం పెద్దమ్మా అని పిలిచే మనిషి.

"నువ్వు మాత్రం పోవా పెద్దమ్మా?" అన్నాను.

జుట్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. ఇది వింటున్న మీ ఫ్యాక్టరీలోనూ అలాంటి నీడపట్టు చోటు ఒకటి ఉండే ఉంటుంది. మనల్ని విడగొట్టడానికి వాళ్ళకు అది చాలు.

మర్నాడు యజమాని నన్ను పిలిచి మందుగది తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇకనుంచి చీర మాయకుండా పని చేసుకోమన్నాడు. అబద్ధమెందుకు, ప్రాణం లాగింది. బయటికొస్తే అందరి కళ్ళూ నా గుప్పిట మీదే. వాటిలో ఉన్న కుళ్ళు నాకు బాగా తెలిసిందే. ఆ గదికి తాళం వేసి, చెవి పెద్దమ్మ చేతిలో పెట్టాను. అక్కణ్ణుంచి అది చేతులు మారుతూ పోయింది. అందరం గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం.

పోలీసులొచ్చారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"నా దగ్గరే" అంది పెద్దమ్మ.

"ఆమె మాట నమ్మకండి సార్. నా దగ్గరుంది. తీసుకెళితే నన్ను తీసుకెళ్ళండి" అన్నాను.

అక్కడా పోటీయే. చివరికి అందరినీ వ్యాన్ ఎక్కించారు.

సాయంత్రం లాకప్పులో కబురు తెలిసింది. పక్క షెడ్లవాళ్ళు పని ఆపి గేటు ముందు బైఠాయించారట. యజమాని దిగొచ్చి వదినను తన కార్లోనే పెద్దాసుపత్రికి పంపాడట. చెయ్యి దక్కుతుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. మందు ఆపుతానని యజమానీ చెప్పలేదు. అందుకని పక్క షెడ్లవాళ్ళు అక్కణ్ణుంచి లేవలేదు.

"మొదలుపెట్టింది మనం, పేరు వాళ్ళకా?" అని పెద్దమ్మ గొణిగింది.

మాకందరికీ అదే మంట. జామీను దొరగ్గానే ఎవరమూ ఇంటికి పోలేదు. ముందు వరసలో చోటు కోసం ఒకరినొకరు తోసుకుంటూ గేటుకే నడిచాం.