వంతు నీళ్లు

శివరామకృష్ణ లాంటి తమ్ముడు పగవాడికి కూడా వద్దని శ్రీమన్నారాయణ ఊళ్లో ఎవరడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. తండ్రి పోయేనాటికి తను ఏడో తరగతి. బడి మానేసి అరక పట్టింది తను. తమ్ముణ్ణి వినుకొండలో ఉంచి డిగ్రీ దాకా చదివించింది తను. ఆ చదువుకున్న తమ్ముడే పంపకాల నాడు పెద్దమనుషుల ముందు తియ్యగా మాట్లాడి, బావి ఉన్న పొలం చెక్క తన వాటాకి వేయించుకున్నాడు. బావి నీళ్లలో సగం హక్కు అన్నదని ఒప్పుకున్నారు గానీ, దిగే మెట్లు తమ్ముడి వైపు, కరెంటు స్తంభం తమ్ముడి వైపు. తన నీళ్ల కోసం తను తమ్ముడి గట్టు తొక్కాలి. ఆరేళ్లుగా తొక్కుతూనే ఉన్నాడు, మాట మాత్రం లేదు. మధ్యలో బోరు వేయిస్తే రాయి తగిలింది. భూమిలో ఆ రాయిని కూడా తమ్ముడే పెట్టించినట్టు మాట్లాడేవాడు.

అలాంటి శ్రీమన్నారాయణకి పుట్టిన పిల్ల అఖిల. సైనిక అకాడమీ పరీక్ష రాసింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది, డాక్టర్ల పరీక్షలూ గట్టెక్కింది. జనవరిలో వచ్చి చేరమన్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల అలాంటి చోటుకి వెళ్లటం అదే మొదలు. సీటొచ్చింది, ఇక దిగులేముందని అందరూ అన్నారు. వినుకొండ రహమాన్ గారు మాత్రం అసలు దిగులు ఇప్పుడే మొదలైందన్నారు.

రహమాన్ గారు సైన్యంలో సుబేదారుగా చేసి దిగిపోయినాయన. సీటు తెచ్చుకున్న పిల్లల్ని చేరే లోపల మొదటి సెమిస్టర్‌కి తయారు చేస్తారు. ఆయన పద్ధతి వేరు. తెల్లారకముందే పిల్లల్ని కొండెక్కించి దించేవారు. చెమట ఆరకముందే ఫ్యాను కింద బల్లల మీద కూర్చోబెట్టి లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. రెప్ప వాలినవాడు లేచి నిలబడి ఇంగ్లీషు పాఠం పైకి చదవాలి. అకాడమీలో తప్పేవాళ్లు తెలివి లేక తప్పరు, నిద్ర ఆపుకోలేక తప్పుతారనేవారు. అఖిలను దించటానికి వెళ్లిన శ్రీమన్నారాయణ అరుగు మీద కూర్చుని ఆ గొంతులు వినేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా లేచి వచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయనే బయటికి వచ్చి పక్కన కూర్చున్నారు.

"చదువులో మీ అమ్మాయికి ఢోకా లేదు శ్రీమన్నారాయణ గారూ. నీళ్లే నా భయం. ఈత రానివాళ్లని అక్కడ విశ్రాంతి వేళలో కొలనుకి పంపుతారు. మిగతావాళ్లు నడుం వాల్చే వేళ వీళ్లకుండదు. ఆ నిద్ర క్లాసులో తీర్చుకుంటారు. పరీక్ష పోతే ఆర్నెల్లు వెనక్కేస్తారు. నీళ్లలో తేలనివాడు పాఠంలోనూ తేలడు, నేను కళ్లారా చూశాను."

సాగర్ కాలవలో నేర్పిద్దామా అంటే, ఆ ఒరవడికి గేదెలే నిలవవు, నిలవ నీళ్లు చూడమన్నారు. గుంటూరు కొలను దాకా రోజూ పోయి వస్తే ఇక చదువెక్కడిది? నిలవ నీళ్లంటే ఆ బావే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావిలో ఊట తగ్గిపోయింది. ఒకసారి తోడేస్తే మళ్లీ నిలువు లోతు రావటానికి వారం పట్టేది. అందుకే వారం అన్నది, వారం తమ్ముడిది. తన వారంలో మోటారు వేస్తే తోట తడుస్తుంది, పిల్లకి మోకాటి లోతు మిగులుతుంది. వేయకపోతే పిల్లకి నీళ్లుంటాయి, పూత మీదున్న మిరప ఎండుతుంది. వారం చివర తోడుకుందామంటే తమ్ముడికి వట్టి బావి అప్పజెప్పినట్టు. ఆ మాట పడటం తన వల్ల కాదు.

అతని భార్య అంకమ్మ కంచంలో అన్నం పెడుతూ, "తోట మళ్లీ ఏడు వేసుకుంటాం. పిల్లకి ఈ జనవరి మళ్లీ రాదు" అంది.

శ్రీమన్నారాయణ తన వంతు వారంలో మోటారు వేయలేదు. పిల్ల నడుముకి మోకు కట్టి, వీపుకి రెండు ఖాళీ నూనె క్యాన్లు బిగించి మెట్ల మీదికి తీసుకెళ్లాడు. అతనికి ఈత రాదు. చిన్నప్పుడు తను గట్టు మీద మోట తోలుతుంటే ఈదింది తమ్ముడు. పిల్ల నాలుగు బారలు కొట్టిందో లేదో ఒక క్యాను జారింది. ఒక పక్కకి ఒరిగి మునిగింది. ఇతను మోకు లాగాడు, పిల్ల వచ్చి రాతికి కొట్టుకుంది. మళ్లీ లాగుతుండగా మోటారు కొట్టం దగ్గర్నుంచి ఎవరో దూకారు. శివరామకృష్ణ. జేబులో సెల్‌ఫోనుతో సహా దూకాడు.

పిల్లను మెట్టు మీద కూర్చోబెట్టి, చొక్కా పిండుకుంటూ పిల్లతోనే చెప్పాడు: "రేపు పొద్దున్నే రా. ఆ క్యాన్లు అవతల పారెయ్."

మర్నాటి నుంచి అతను నీళ్లలో, ఇతను మెట్ల మీద మోకు పట్టుకుని. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

"అఖిలా, మీ నాన్నకి చెప్పు, మోకు బిగపట్టొద్దని. బిగపడితే పిల్ల ఈదదు, వేలాడుద్ది."

"అఖిలా, మీ బాబాయికి చెప్పు, నా మోకు నా ఇష్టమని."

నోట్లోకి నీళ్లు పోతున్న పిల్ల ఎవరికీ ఏమీ చెప్పేది కాదు.

ఈత అయ్యాక తడి జుట్టుతోనే గట్టు మీద కూర్చుని రహమాన్ గారిచ్చిన లెక్కలు చేసేది. అలసి కళ్లు మూతలు పడుతుంటే చెంపల మీద నీళ్లు చల్లుకునేది. చిక్కుపడిన చోట శివరామకృష్ణ వంగి చూసి, పుల్లతో మట్టిలో గీసి చెప్పేవాడు. తను కొనిపెట్టిన చదువు. అది తన పిల్లకి తన కళ్ల ముందే అందుతుంటే సంతోషపడాలో మండిపడాలో తెలియక శ్రీమన్నారాయణ మోకు చుట్ట చుట్టేవాడు, విప్పి మళ్లీ చుట్టేవాడు.

తన వారాలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. తమ్ముడి తోట నల్లగా నిగనిగలాడుతోంది. తన తోటలో ఆకు ముడుచుకుంది, పూత రాలింది, నిలిచిన పిందె గిడసబారింది. కూలికొచ్చే ఆడవాళ్లు ఆ గట్టు మీదుగా పోతూ మాటలాపేసేవారు.

చివరి వారంలో ఒక పొద్దున శివరామకృష్ణ అవతలి గోడ దగ్గర నీళ్లలో నిలబడి, "మోకు తీసెయ్ అఖిలా" అన్నాడు. పిల్ల తండ్రి వంక చూసింది. మెట్టు దిగి ముడి విప్పాల్సింది తనే. శ్రీమన్నారాయణ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు. ముడి నాని బిగిసిపోయింది, వేళ్లతో రాక పంటితో లాగి విప్పాడు. పిల్ల గోడ తన్ని వెళ్లింది. అవతలి రాయి ముట్టుకుని, ఎవరూ పట్టుకోకుండా తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది. అతను మోకు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు శివరామకృష్ణ ఆరేళ్ల తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడాడు.

"అన్నయ్యా, ఎల్లుండి నుంచి నా వంతు. నీ తోటకి ఒక తడి పెట్టుకో. ఇప్పటికైనా సగం నిలబడుద్ది."

"నీ వంతు నీళ్లు నాకెందుకు?"

"నీ మంచికే చెప్తున్నా. నేనిస్తున్నాగా, పెట్టుకో."

ఆ ‘నేనిస్తున్నా’ అన్న మాట దగ్గరే పడింది ముడి. ఆ బావిలో సగం తనది. ఇవాళ ఇస్తే పుచ్చుకున్నవాడు రేపు తన వారం నాడు కూడా ఇస్తే పుచ్చుకునేవాడే అవుతాడు. తమ్ముడి దయతో తోట పండించుకున్నాడని ఊళ్లో ఒక్కసారి మాట పడితే ఇక ఆ హక్కు ఏ పెద్దమనిషి నోటా రాదు. శ్రీమన్నారాయణ మోకు భుజాన వేసుకుని, "పదవే" అని పిల్లను పిలిచి గట్టెక్కాడు. శివరామకృష్ణ నీళ్లలోనే ఉండిపోయాడు.

దారిలో వాడిపోయిన తోట పక్కకి వచ్చాక అఖిల ఆగింది.

"నాన్నా, నా ఈత వల్లే తోట ఎండిపోయిందని అందరూ అంటారు. రేపు నువ్వు కూడా అంటావా?"

"అనను."

"ఎప్పటికీ?"

"అననన్నాగా. పద, రహమాన్ గారు కేకలేస్తారు."

జనవరిలో వినుకొండ స్టేషన్లో పిల్ల బండెక్కింది. అంకమ్మ ఏడవకుండా నిలబడింది. ప్లాట్‌ఫారం ఆ చివర శివరామకృష్ణ కూడా నిలబడ్డాడు. పిల్ల అతనికీ చెయ్యూపింది. శ్రీమన్నారాయణ చూడనట్టు ఊరుకున్నాడు.

మార్చిలో పిల్ల ఫోను చేసింది. గొంతు మారింది, మాట పొట్టిదైంది. ఈత పరీక్షలో తేలానంది, మధ్యాహ్నం పడుకోనిస్తున్నారంది. లెక్కల క్లాసులో పక్కవాళ్లు తూగుతుంటే తను మేలుకునే ఉంటున్నానంది. బాబాయికి చెప్పమంది. సరేనన్నాడు. చెప్పలేదు, అంకమ్మ చెప్పి వచ్చింది.

ఊళ్లో కోతలు సాగుతున్నాయి. కల్లాల్లో ఎర్రగా కాయ ఆరుతుంటే శ్రీమన్నారాయణ తన చేలో మిరప కట్టె పీకి వంటచెరుకుకి మోపులు కడుతున్నాడు. దారిన పోయే యలమందయ్య ఆగి, పిల్ల ఈతకని నీళ్లాపావంటగా, అందుకే తోట పోయిందంటగా అని అడిగాడు.

శ్రీమన్నారాయణ మోపు కట్టటం ఆపకుండానే చెప్పాడు.

"మధ్యలో పిల్లకేం సంబంధం? శివరామకృష్ణ వల్ల పోయింది. ఎకరం ఇరవై సెంట్లు."